నలుగురి సీసాలు

"కార్మికుడి ఆరోగ్యమే నా ఊపిరి!" అని మంత్రిగారు రంగుల ఫ్యాక్టరీ గేటు ముందు, రెండు మాస్కులు కట్టుకుని ప్రకటించారు. రంగులు కలిపే షెడ్డులో ముగ్గురు మూత్రాశయ క్యాన్సర్‌తో పోయారు. అది కాకతాళీయమని ఆయన గట్టి నమ్మకం. అయినా పెద్దమనసుతో షెడ్డు మొత్తానికీ మూత్ర పరీక్షలు చేయించమన్నారు.

ఆ మహత్కార్యం వెల్ఫేర్ ఆఫీసరు నెత్తిన పడింది. షెడ్డుకు ఆనుకున్న గదిలో ఏళ్ల తరబడి అదే గాలి పీలుస్తూ, గాలి భేషుగ్గా ఉందని రాస్తూ వచ్చిన నిష్ఠాపరుడతను.

"ఒక్క కేసు బయటపడినా నీ ప్రమోషన్ మర్చిపో," అన్నాడు మేనేజరు.

"బయటపడదు సార్. వాళ్ల సీసాల్లో మన ఆఫీసు వాళ్లమే పోస్తాం."

"నీ బుర్రే బుర్రయ్యా!"

టైపిస్టు మొదలు అకౌంటెంటు దాకా అందరూ త్యాగానికి సిద్ధపడ్డారు. చివరికి నాలుగు సీసాలు మిగిలాయి, ఇక ఎవరివల్లా కాలేదు. వెల్ఫేర్ ఆఫీసరు వెనకడుగు వేసే రకం కాదు. కడుపునిండా నీళ్లు తాగి, ఆ నాలుగూ తనే నింపి, నలుగురు కార్మికుల పేర్లు అంటించాడు.

అంతలో రంగులు కలిపే ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు. "సారూ, నాకు ఎర్రగా పోతోంది. భయంగా ఉంది. నా సీసా ఏది?"

"ఇదిగో, నీ పేరుది నేనే నింపేశాలే పెద్దాయనా. నువ్వెందుకు శ్రమపడటం?"

ఫలితాలు చెప్పడానికి మంత్రిగారు మళ్లీ వచ్చారు, ఈసారి మూడు మాస్కులతో. ఆయన పక్కన డాక్టరు తల గోక్కుంటున్నాడు. "అందరూ బాగున్నారు, నలుగురు తప్ప. నలుగురికీ ఒకటే క్యాన్సర్, అచ్చుగుద్దినట్టు! నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

"నలుగురికీ ప్రభుత్వ ఖర్చుతో వైద్యం!" అన్నారు మంత్రిగారు. "జబ్బువాళ్లు బయటికి పోతున్నారు గనక షెడ్డు ఇక పరిశుభ్రం!"

చప్పట్లు మోగాయి. ముసలాయన అందరికన్నా ముందు ఆస్పత్రి వ్యాన్ ఎక్కి, చేతులు జోడించాడు. "మీ చలవే సారూ. నా బదులు పోసి ప్రాణం నిలబెట్టారు."

వెల్ఫేర్ ఆఫీసరు పరుగున వెళ్లి వ్యాన్ తలుపు పట్టుకున్నాడు. "డాక్టరుగారూ, నన్ను కూడా ఓసారి చూడండి."

"మీకెందుకండీ? పరీక్షలు కార్మికులకేగా!"

మేనేజరు వెనకనుంచి వచ్చి అతని భుజం తట్టాడు. "కేసులొస్తే వచ్చాయి, షెడ్డు నిలబడింది. నీ ప్రమోషన్ ఖాయం! రేపట్నుంచి షెడ్డు ఇన్‌ఛార్జివి నువ్వే. గది కూడా లోపలే ఏర్పాటు చేయించాను."

డ్రైవరు హారన్ కొట్టాడు. "సార్, తలుపు వదలండి."

అతను వదల్లేదు.