ప్రశ్నించబడని ఉత్తమ పౌరుడు

పోలీసులు అడగాల్సినవాణ్ణి అడగరు. ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం. దర్జీ దీని మీద ఎవరితోనూ వాదించడు.

చట్టప్రకారం తన పని తాను చేసుకుంటున్న పౌరుణ్ణి ఇకమీదట ఏ పోలీసూ ప్రశ్నించరాదని ఆజ్ఞ వెలువడింది. కూడలిలో నిలువెత్తు బోర్డు వెలిసింది. ఊరంతా మురిసిపోయింది! దర్జీ బోర్డు చదివి, ముక్కు చీది, బకెట్టు పట్టుకుని ముందుకు నడిచాడు.

బోర్డుకి పది అడుగుల దూరంలో ఒక నిమ్మ మొక్క ఉంది. తాముండే మేడ మీది గదికి పెరడు లేదు గనక అతని భార్య దాన్ని రోడ్డు పక్కన నాటింది. ఆవిడ బతికుండగా చెప్పిన ఒక్క పనీ చెయ్యని మనిషి, పోయాక ఈ పని మాత్రం మానలేదు. రోజూ పొద్దున్నే బకెట్టెడు నీళ్ళు. ఆ ఏడే తొలి పూత పట్టింది.

మర్నాడు బోర్డు కింద కుర్చీ, బల్ల, కానిస్టేబులు.

"ఆగండి పెద్దాయనా! మిమ్మల్ని నేనేమీ అడగను."

"అడక్కు. పోతున్నా."

"అడగలేదని మీరు రాసివ్వాలి కదండీ. ఈ కాగితం నింపి వెళ్ళండి."

నాలుగు పేజీలు. పేరు, తండ్రి పేరు, వృత్తి. బకెట్టు ఎవరిది? నీళ్ళు ఏ కొళాయివి? మొక్కతో బంధుత్వం? అన్నిటి కిందా, 'పై సంగతులేవీ పోలీసులు నన్ను అడగలేదు' అని సంతకం.

"ఇవి ప్రశ్నలు కాక అక్షింతలా?"

"అడిగేది కాగితమండీ. నా నోరు మూసే ఉంది!"

బంధుత్వం దగ్గర దర్జీ కలం ఆగింది. కాసేపు గడ్డం గోక్కుని, 'మా ఆవిడ తరఫు' అని రాశాడు.

రోజుకో కొత్త కాగితం. అది నిండేసరికి ఎండ నెత్తికెక్కేది. అయినా మానలేదు. ఊళ్ళో తక్కినవాళ్ళు ఆ దారే మానేశారు. ముప్పై ఏడో రోజు సాయంత్రం బావమరిది పరుగున వచ్చాడు.

"బావా! అన్ని కాగితాలు నింపినవాడివి నువ్వొక్కడివేనట. రేపు నీకు పతకం. పెద్ద ఆఫీసరే వేస్తాడు!"

"నువ్వే వేయించుకో. నాకు నీళ్ళు పోసే పనుంది."

"కూడలిలోనే బావా సభ. ఆ బకెట్టేదో వెంట తెచ్చుకో."

అందుకే వెళ్ళాడు.

రాత్రికి రాత్రి పెద్ద వేదిక లేచింది. బకెట్టుతో దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. నమ్మకం కుదరక మళ్ళీ తిరిగాడు. వేదిక గుంజ పాతిన గోతి పక్కన నిమ్మ మొక్క వేళ్ళతో సహా పడి ఉంది. రెండు పిందెలు ఇంకా కొమ్మనే పట్టుకుని ఉన్నాయి.

"ఎవరు పీకారు?"

కానిస్టేబులు చేతులు నలుపుకున్నాడు. "వేదిక కట్టినవాళ్ళండీ. నా కళ్ళెదురుగానే."

"ఎందుకు పీకుతున్నారని అడగలేదా?"

"పని చేసుకునేవాళ్ళని ఎలా అడగనండీ? రూలు!"

"పోనీ, కాగితం?"

"మా డిపార్టుమెంటు మనుషులు కదండీ. మనవాళ్ళకి కాగితమేమిటి!"

ఇంతలో దర్జీని వేదిక ఎక్కించారు. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో మొక్క. పెద్ద ఆఫీసరు పతకం వేసి, మైకు అందించి, నిండుగా నవ్వాడు.

"పెద్దాయనా, మా పోలీసులు మిమ్మల్ని ఏనాడైనా ఒక్క ప్రశ్న అడిగారా? సభకి చెప్పండి!"

దర్జీ మొక్క వేళ్ళని బకెట్టు నీళ్ళలో ముంచాడు. పతకం తీసి మైకుకి తగిలించాడు.

"ఇప్పుడు మీరు అడిగారు," అని దిగిపోయాడు.

సభ చప్పట్లు కొట్టింది. ఆఫీసరు కూడా అలవాటు కొద్దీ కొట్టాడు.

మొక్క ఇప్పుడు మేడ మీద ఆ బకెట్టులోనే మట్టిలో ఉంది. ఒక పిందె రాలింది, ఒకటి ఉంది. వారం తర్వాత బావమరిది కదిపాడు.

"అది కాదు బావా, ఆ రోజు సభలో..."

దర్జీ సూదిలోకి దారం ఎక్కించి, పళ్ళతో కొరికాడు.

"ఆ మాట మళ్ళీ ఎత్తకు. నువ్వు ఎత్తినా నేను పలకను."