దారుపాలుడి నిరభ్యంతర పత్రం

ఒక పెద్ద అడవిలో రాజ్యం సింహానిదా, పులిదా అన్న విషయాన్ని ఈ కథ చర్చించదు. జీతభత్యాల ప్రస్తావన కూడా ఇందులో ఉండదు. ఒక వడ్రంగిపిట్ట ఉద్యోగం మానడమా, మానకపోవడమా అన్న దానికే ఇది పరిమితం.

ఆ వడ్రంగిపిట్ట పేరు దారుపాలుడు. అడవి పరిషత్తులో వృక్ష పరీక్షకుడు. వానలకు ముందు ప్రతి చెట్టునూ ముక్కుతో ఏడుసార్లు కొట్టి, చెవి ఆనించి, ఇది గట్టిది, ఇది డొల్ల అని తేల్చడం ఆయన పని. డొల్ల అని తేలిన చెట్టు కింద ఆ ఏడాది ఎవరూ కాపురం ఉండరాదని నియమం. ఇరవై రెండు వానాకాలాలుగా ఆయన తీర్పు తప్పలేదు. అవసరానికి మించి ఆయన నోరు విప్పిందీ లేదు. ఎవరైనా నమస్కరిస్తే నెత్తి మీది ఎర్ర తురాయి ఒకసారి పైకి లేచేది. అదే ప్రతినమస్కారం.

ఒకనాడు తూర్పు కొండల అడవి నుంచి కొంగ ఒక లేఖ తెచ్చింది. తమ అడవికి ప్రధాన పరీక్షకులుగా దయచేయవలసిందనీ, సకుటుంబంగా అక్కడికే తరలి రావలసి ఉంటుందనీ అందులో ఉంది.

ఆయన భార్య కుంకుమమ్మ లేఖను రెండుసార్లు చదివింది.

"మీకు వెళ్ళాలని ఉందా?"

"వారు పిలిచారు."

"అది నేనూ చదివానండీ. మీ సంగతి అడుగుతున్నాను."

"పరిషత్తు ఏమంటుందో చూడాలి."

నిజానికి దారుపాలుడికి వెళ్ళాలని రవ్వంత కూడా లేదు. ఆ అడవిలో ఏ చెట్టు ఏ రుతువులో ఎలా పలుకుతుందో ఆయనకు తెలుసు. ఉంటున్న తొర్రను స్వయంగా తొలుచుకున్నాడు. అయితే, మీరు లేకపోతే మాకు గడవదు అన్న మాట మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరి నోటా వినలేదు. ఆ మాట ఒక్కసారి వినాలని ఉంది. అడిగి అనిపించుకోవడం మర్యాద కాదు కనుక ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. కొండల అడవికి వెళ్ళడానికి నిరభ్యంతర పత్రం ఇప్పించమని పరిషత్తుకు దరఖాస్తు పెడతాడు. పరిషత్తు అభ్యంతరం చెబుతుంది. ఆయన కొంతసేపు ఆలోచించినట్టు కనిపించి, ఉండిపోతాడు.

కుంకుమమ్మకు ఇది రుచించలేదు. ఉండమనిపించుకోవడానికి వెళతానని చెప్పడమేమిటని అడిగింది. ఒకవేళ వాళ్ళు సరేనంటే ఏం చేస్తారని కూడా అడిగింది.

"అనరు," అన్నాడు దారుపాలుడు. "దస్త్రాలు చూసేది ఉడుము."

పరిషత్తు కార్యదర్శి ఉడుము పట్టు జగమెరిగినది. ఆయన చేతికి చిక్కిన కాగితం ఊడి రావడం ఎవరూ చూడలేదు. సెలయేరు దాటడానికి ఒక దుంగ వేయించమని ఏదుపంది పెట్టుకున్న అర్జీ మంజూరయ్యే నాటికి సెలయేరే దారి మార్చుకుంది. కనీసం రెండేళ్ళు ఆ దరఖాస్తు కదలదనీ, ఈలోగా వార్త అడవంతా పాకి ఎవరో ఒకరు వచ్చి బతిమాలుతారనీ దారుపాలుడి నమ్మకం.

దరఖాస్తు పొద్దున పెట్టాడు. మధ్యాహ్నానికి పత్రం సిద్ధమైంది.

సభ్యులందరూ సంతకాలు చేశారు. ఎలుగుబంటి చేసిందని కుందేలు చేసింది, కుందేలు చేసిందని దుప్పి చేసింది. ఆ పెద్దమనిషి నోరు తెరిచి అడిగినది జన్మకు ఇదొక్కటే, కాదంటే ఏం బాగుంటుందని అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆయన మీది గౌరవంతో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

దారుపాలుడు తురాయి నిక్కించి కార్యాలయానికి వెళ్ళాడు.

"ఇంత తొందర అవసరం లేదు. నియమం ప్రకారం విచారణ జరగాలి."

"మీకు కూడా నియమాలు చూపిస్తే మాకు పుట్టగతులుంటాయా, పరీక్షకులవారూ?" అన్నాడు ఉడుము, పత్రాన్ని రెండు చేతులా అందిస్తూ. "అదీగాక ఆలస్యమైతే మా బావమరిది ఊరుకోడు."

"మీ బావమరిదికి నా పత్రంతో ఏమి సంబంధం?"

"పత్రంతో ఏమీ లేదండి. మీరు కూర్చునే కొమ్మతో."

ఆ సాయంత్రమే మద్దిచెట్టు కింద వీడ్కోలు సభ. అధ్యక్షుడు గవయనాథుడనే అడవిదున్న. ఆయన దారుపాలుడి మెడలో మోదుగుపూల దండ వేసి, ఈయన లేని లోటు తీరనిదని గద్గద స్వరంతో సెలవిచ్చాడు. కార్యక్రమంలో రెండవ అంశం ఆ లోటును తీర్చడం. ఉడుము బావమరిది తొండను ముందుకు పిలిచి, పరీక్షకుడి కొమ్మ మీద కూర్చోబెట్టారు. ఎదుట ఉన్న మద్దిచెట్టు గట్టిదేనా అని అడిగితే తొండ తల ఊపింది. పక్కనున్న నేరేడు? తల ఊపింది. కూలిపోయిన చింత? దానికీ ఊపింది. ఇంత త్వరగా తేల్చే పరీక్షకుడు ఇదివరకు లేడని సభ సంతృప్తి ప్రకటించింది.

చివరికి గవయనాథుడు అడిగాడు. "దారుపాలుడు గారూ, తమరు చెప్పదలచుకున్నది ఏమైనా ఉన్నదా?"

దారుపాలుడు గొంతు సవరించుకున్నాడు. వెనుక వరుసలో కుంకుమమ్మ ఊపిరి బిగబట్టింది. నాకు వెళ్ళాలని లేదు. మూడు మాటలు. చెబితే దండ తీసి పక్కన పెట్టవలసి వస్తుంది. తొండను కొమ్మ దిగమనవలసి వస్తుంది. ఇదంతా ఎందుకు చేశారని ఎవరో ఒకరు అడుగుతారు, దానికి బదులు చెప్పవలసి వస్తుంది.

"కృతజ్ఞతలు," అన్నాడు దారుపాలుడు.

మర్నాడు ఇద్దరూ తూర్పు దిక్కుగా ఎగిరి వెళ్ళారు.

వెళ్ళే ఉద్దేశం లేనివాడు అక్కడ ఏ చెట్లు ఉంటాయని అడగడు. తూర్పు కొండల అడవి సాంతం వెదురు. మొదటి రోజు ఆయన నాలుగు వందల బొంగులను ఏడేసిసార్లు కొట్టి, నాలుగు వందలూ డొల్ల అని నివేదిక రాశాడు. నియమం ప్రకారం అడవి మొత్తం ఖాళీ చేయాలి. అక్కడి పెద్ద, ఒక ముసలి కొండగొర్రె, నివేదికను ఓపికగా చదివాడు.

"బాగుందయ్యా. మా తాతల నాటి నుంచీ డొల్లే. రోజూ ఇదే రాసి పెడుతూ ఉండండి."

దారుపాలుడు రోజూ అదే రాసి పెట్టాడు.

ఆ వానాకాలంలో పాత అడవిలో తొండ తల ఊపిన చెట్లు వరుసగా కూలాయి. మద్దిచెట్టు సరిగ్గా పరిషత్తు సమావేశం జరుగుతూ ఉండగా కూలింది. సభ్యులెవరూ హాజరు కానందున ప్రాణనష్టం జరగలేదు.

వానలు వెలిశాక గవయనాథుడి దగ్గర నుంచి ఒక లేఖ వచ్చింది. తిన్న మేతనే కాదు, చూసిన సంగతిని కూడా ఆయన నిదానంగా నెమరు వేస్తాడు కాబోలు. అందులో క్షేమసమాచారాలు లేవు, మద్దిచెట్టు ఊసు లేదు. "అయ్యా, ఆనాడు సభలో తమరు గొంతు సవరించుకుని ఆగిపోయారు. నాకు ఇప్పుడు తోచింది. ఏమి చెప్పబోయారు? ఇప్పుడు చెప్పినా వింటాము," అని మాత్రం ఉంది.

కుంకుమమ్మ ఆకు తెచ్చి ముందు పెట్టింది. రాయడానికి ముల్లు కూడా తెచ్చింది. దారుపాలుడు లేఖను నాలుగుసార్లు చదివి, మడిచి, రెక్క కింద పెట్టుకున్నాడు. దానికి ఆయన ఎన్నడూ జవాబు రాయలేదు.

ఇందువలన తేలినదేమనగా, మనసులో మాట బయట పెట్టనివారికి గౌరవభంగం ఎన్నటికీ కలగదు, చిరునామా మాత్రమే మారుతుంది.