దురద ఎవరి దిక్కు నుంచి?

పొద్దున రైలెక్కి వికారాబాద్‌లో చర్మం డాక్టరుకు కూతురిని చూపించి, మధ్యాహ్నానికల్లా తాండూరు తిరిగొచ్చి బండల పాలిషింగ్ పనిలో పడాలన్నది యాకోబు ఆలోచన. ఐదేళ్ల సింధుజ మోచేతి మడతలు గోకి గోకి పుండ్లు చేసుకుంది. రాత్రిళ్లు పాపం నిద్రే లేదు. ఆ దురద కోడలి పుట్టింటిదని తల్లి సంతోషమ్మ రోజూ దెప్పుతుంది, కాదని పెళ్లాం పద్మారాణి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఇద్దరూ వెంట బయల్దేరారు. నడుమ యాకోబు అడకత్తెరలో పోకచెక్క.

డాక్టరమ్మ పాప చేయి చూసి, "మీ ఇండ్లల్ల ఇంకెవరికన్నా గిట్ల ఉన్నదా?" అని అడిగింది. అంతే, అగ్గి రాజుకుంది.

"మా వంశంల ఒక్కరికి లేదు. మా తమ్ముడు గీడనే ఉంటడు, పిలుస్త, మీరే చూడుండ్రి!" అంది సంతోషమ్మ.

"మా అన్న రాడా? గీ ఊర్లనే ఉన్నడు!" అంటూ పద్మారాణీ ఫోన్ తీసింది.

"అమ్మా, ముందు మందు రాయించుకుందాం..." అన్న యాకోబు మాట ఎవరికి కావాలి?

కాసేపటికే సంతోషమ్మ తమ్ముడు ఎంకయ్య తన కొడుకులతో, పద్మారాణి అన్న బాలస్వామి తన బలగంతో దిగారు. దవాఖాన వరండాలో చొక్కా చేతులు మడిచి, "చూడు, అద్దం లెక్కున్నది!" అని ఒకరికొకరు చూపించుకుంటుంటే, దారిన పోయేవాళ్లు ఉచిత వైద్య శిబిరమనుకొని వరస కట్టారు. ఒక ముసలాయన యాకోబు చేతిలో ఆధార్ కార్డు పెట్టి, "జర నా పేరు గూడ రాస్కో కొడుకా" అన్నాడు. ఏం చేయాలో తోచక యాకోబు రాసుకున్నాడు. తర్వాతివాడు పంటి నొప్పన్నాడు. అదీ రాశాడు.

గోలకు డాక్టరమ్మ బయటికొచ్చింది. "ఏసయ్య సాక్షి, మా దిక్కు గోకుడే తెల్వదు!" అంటూనే సంతోషమ్మ తన వీపును తలుపు చెక్కకు రుద్దుకుంటోంది. ఎదురుగా బాలస్వామి తాళంచెవితో మోకాలి వెనక గీరుకుంటున్నాడు.

"అమ్మా, ఎన్నేండ్ల సంది గట్ల రుద్దుకుంటున్నరు?" అని సంతోషమ్మను అడిగింది డాక్టరమ్మ.

"ఇదా? ఇది దురద గాదు, అలవాటు. మా నాయినకు గూడ ఉండె."

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "ఇది అంటుకునేది కాదు, ఎవరి తప్పూ కాదు. రెండు దిక్కుల నుంచీ రావచ్చు. పాప చర్మం అచ్చం మీదే."

సంతోషమ్మ బిత్తరపోయింది. మరుక్షణం మనుమరాలిని ఒళ్లోకి లాక్కుంది. "మరేమనుకున్నరు? నా మన్మరాలు నా పోలికే!"

పద్మారాణికి రోషం పొడుచుకొచ్చింది. "ఆగు అత్తమ్మా! డాక్టరమ్మ రెండు దిక్కులన్నది. మా అన్న మోకాలు చూడు!"

గెలిచిందెవరో యాకోబుకు అర్థం కాలేదు. పాపకు రాసిన మందు ట్యూబులో కాక పెద్ద డబ్బాలో దొరుకుతుందా అని మాత్రం అడిగాడు.