రుక్కమ్మ తెల్లపుంజు, ఇంజనీరు గారి బొగ్గుల పొయ్యి

"రాజయ్యా, ఈ దేశంలో నేరస్థులకు ఇంకా కంటినిండా నిద్ర పడుతోందంటే కారణం ఒక్కటే. నేను చందానగర్‌లో ఉండిపోయాను" అన్నాడు చలపతిరావు.

ఈ మాట నా దుకాణంలో, నా స్టూలు మీద కూర్చుని, నేను తెప్పించిన చాయ్ తాగుతూ అన్నాడు. బొంబాయి రోడ్డు మీద నాది కట్టెలు, బొగ్గుల దుకాణం. ఇరవై ఏళ్ల వ్యాపారంలో మనుషుల్ని కాటా ఎక్కించకుండానే తూచడం అలవాటైంది. ఆ తూకంలో చలపతిరావు, గంప బరువు తీసేస్తే ఏమీ మిగలని సరుకు.

పగలు ఫ్యాక్టరీ స్టోర్సులో గుమస్తా. మిగతా సమయమంతా డిటెక్టివ్. ఆ పనిలో ఎవరూ పెట్టలేదు కాబట్టి ఎవరూ తీసెయ్యలేకపోతున్నారు. అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలన్నీ చదివేశాడు. ఒక భూతద్దం, ఒక రెయిన్‌కోటు సంపాదించాడు. అప్పటిదాకా ఛేదించిన కేసు ఒక్కటే, సొంత గొడుగు దొంగతనం. ఆ గొడుగు ఆయన మరిచిపోయిన చోటే, అంటే నా దుకాణంలోనే దొరికింది. ఆ కేసు గురించి నేను పద్నాలుగు సార్లు విన్నాను.

అది డెబ్బై నాలుగు ఆషాఢం, ఫ్యాక్టరీకి సెలవున్న శనివారం. తెల్లవారితే మా ఊళ్లో బోనాలు. రోజూ వాన. నా షెడ్డులో బొగ్గు నుసి తడిసి బురదైంది. బొగ్గు తడిస్తే బరువు పెరుగుతుంది. అందుకని అమ్మేవాడు ఏడవడు, కొన్నవాడు ఇంటికి వెళ్లాక ఏడుస్తాడు. ఆ బురదలో ఈమధ్య ఎవరిదో నల్లపుంజు ఒకటి చేరి, ఏదో పారేసుకున్నట్టు కెలుకుతోంది.

"ఆ కాకిని తరుమవయ్యా. ఆలోచన చెదురుతోంది" అన్నాడు చలపతిరావు.

"కాకి కాదు సారూ. కోడి."

"నాకు తెలుసు. నిన్ను పరీక్షించాను."

అప్పుడే రుక్కమ్మ వచ్చింది. నడిచి నడిచి మోకాళ్ల దాకా బురద.

"రాజన్నా, నా తెల్లపుంజు ఇటేమన్న వచ్చిందా? మొన్న వానల ఎటో వోయింది. గల్లీ గల్లీ తిరిగిన."

రుక్కమ్మ సంగతి ఊరంతటికీ తెలుసు. ఆమె పెనిమిటి మొగిలి నానక్‌రామ్‌గూడ దిక్కు బండలు కొట్టేవాడు. పోయినేడు రాయి దొర్లి కాలు విరిగింది. మళ్లీ తన కాళ్ల మీద ఇంటికి నడిచొస్తే తెల్లపుంజును ఇస్తానని పోచమ్మకు మొక్కుకుంది. నాలుగు నెలలు దవాఖానలో ఉండి మొగిలి నడిచే వచ్చాడు. ఇప్పుడు అమ్మవారి వంతు. తెల్లారితే బోనం, పుంజు లేదు.

"ఇంకోటి కొను రుక్కమ్మా. అంగట్ల తెల్లయి మస్తున్నయి" అన్నాను.

"అమ్మకు సూపెట్టి మొక్కిన పుంజన్నా అది. కాలికి పసుపు గుడ్డ గూడ కట్టిన. బదులు నడ్వది. మొక్కు తప్పి ఆయన కాలుకు మళ్ల ఏమన్నయితే నేనేం జెయ్యాలె?"

నల్లపుంజు ఆమె వైపు పరుగెత్తుకొచ్చింది. చలపతిరావు గొడుగుతో అదిలించాడు. "విచారణ జరిగేటప్పుడు సాక్షి దగ్గరికి ఎవరూ రాకూడదు" అన్నాడు. పుంజు మళ్లీ బొగ్గుల్లోకి పోయింది.

తర్వాత లేచి రెయిన్‌కోటు తొడుక్కున్నాడు. అప్పుడు వాన లేదు.

"హతుడి వయసు?"

"హతుడెవ్వరు సారూ?"

"పుంజు."

"జర మంచిగ మాట్లాడు. సచ్చిందని ఎవరన్నరు? రెండేండ్లు."

"శత్రువులు?"

రుక్కమ్మ వేళ్ల మీద లెక్క పెట్టింది. "మా అత్తను ఒకపారి పొడిచింది."

చలపతిరావు అది రాసుకుని నా వైపు తిరిగాడు. "రాజయ్యా, నిన్న నీ దగ్గర అందరి కంటే ఎక్కువ బొగ్గులు కొన్నదెవరు?"

ఇది మాత్రం తెలివైన ప్రశ్న. పొరపాటున అడిగి ఉంటాడు. బొగ్గులమ్మేవాడికి ఊళ్లో ప్రతి వంటింటి గుట్టూ తెలుసు. ఎవరింట్లో చుట్టాలు దిగారో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో గంప చూసి చెప్పగలను.

"ఇంజనీరు సోమేశ్వరరావు సారు. అయిదు కిలోలు. తడి లేని బొగ్గే కావాలన్నడు."

"చూశావా" అన్నాడు చలపతిరావు. నేనేమీ చూడలేదు.

ఇంజనీరు గారు ఆర్నెల్లు ట్రైనింగుకు విదేశం వెళ్లి ఒక కోటు, ఒక వంట పట్టుకొచ్చారు. కోటు మన ఎండకు పనికి రాలేదు. ఇక మిగిలిన వంటను సెలవు రోజు పెరట్లో చేసేవారు. తారు డ్రమ్మును నిలువునా కోయించి, కాళ్లు పెట్టించి, పైన కిటికీ ఊచల చట్రం వేయించారు. పెరుగు, నిమ్మరసం, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా నానబెట్టిన కోడిని ఆ ఊచల మీద కాలుస్తారు. సగం కోసిన ఉల్లిపాయను పుల్లకు గుచ్చి, నూనెలో ముంచి రాస్తూ ఉంటారు. బొగ్గు మీద తెల్లటి బూడిద పట్టేదాకా కోడిని పెట్టరు. "మంట కాదండీ, వేడి కావాలి" అంటారు. నా ఖాతాదార్లలో బొగ్గును గౌరవించే మనిషి ఆయనొక్కడే.

మేము వెళ్లేసరికి మూడు కోళ్లు ఎర్రగా కాలుతున్నాయి. నూనె చుక్క పడ్డప్పుడల్లా చుయ్యిమని పొగ లేస్తోంది. రుక్కమ్మ ముందు వాకిట్లో ఆగింది. నేను గేటులోంచి వెళ్లాను. చలపతిరావు గోరింట కంచెలోంచి దూరి, సరిగ్గా పొగలోకి వచ్చాడు.

"ఏమండీ చలపతిరావు గారూ, గేటు తెరిచే ఉందిగా" అన్నారు ఇంజనీరు గారు.

"నేరస్థుడు గేటు ఎప్పుడూ తెరిచే ఉంచుతాడు" అన్నాడు చలపతిరావు, కళ్లు నులుముకుంటూ.

"అలాగా. ఒక కాలు తింటారా?"

పరీక్ష నిమిత్తం తిన్నాడు. సాక్ష్యం అసంపూర్తిగా ఉందని రెండోదీ తిన్నాడు. వేళ్లు నాకుతూ పెరడంతా కలియదిరిగి, మూలనున్న చెత్తడబ్బా దగ్గర ఆగి భూతద్దం తీశాడు. డబ్బా నిండా తెల్లటి ఈకలు.

"సోమేశ్వరరావు గారూ, మీ ఆట ముగిసింది."

ఆ కేకకు రుక్కమ్మ లోపలికి వచ్చింది. ఈకలు చూసింది. ఏడవలేదు. మెట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంజనీరు గారి భార్య రత్నమాల గారు కంగారుగా వచ్చారు. "ఫారం కోళ్లమ్మా ఇవి. మియాపూర్ అవతల కొన్నాం. మూడూ పెట్టలే. కావాలంటే నీకు వేరే పుంజు కొనిస్తాం."

"బదులు నడ్వదమ్మా" అని లేచి ముందు వాకిట్లోకి పోయింది రుక్కమ్మ.

నాకు జాలేసింది. పైగా మంచి ఖాతాదారు. నోరు విప్పాను.

"సారూ, నా బొగ్గు సంగతి నాకెరుక. అయిదు కిలోల మీద గంటల కాలేది ఫారం కోడే. రెండేండ్ల ఊరిపుంజయితే బొగ్గంత బూడిదయినా తొడల పల్లు దిగది. మీరు రెండు కాళ్లు తిన్నరు. మీ పల్లన్నీ ఉన్నయి గద."

చలపతిరావు నాలుకతో పళ్లు లెక్క చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. కానీ వెనక్కి తగ్గే మనిషి కాదు.

"ఊహలు వద్దు, ప్రయోగం కావాలి. ఇదే పొయ్యి, ఇవే బొగ్గులు, ఒక ఊరిపుంజు. గంటలో కాలితే ఈయన హంతకుడు."

"కాలకపోతే?" అన్నారు ఇంజనీరు గారు.

"ఇంకో గంట చూద్దాం."

"సరే కానివ్వండి. నా మీద పడ్డ మాట పోవాలి. ఊరిపుంజేదీ?"

నేను లెక్క వేశాను. నా షెడ్డులో ఉన్నదానికి యజమాని లేడు. అది పోతే నా నుసి ఎక్కడిదక్కడ ఉంటుంది. ఇంజనీరు గారి మాట నిలబడితే వారం వారం అయిదు కిలోలు నిలబడతాయి. ఎటు చూసినా లాభమే. అన్ని వైపులా లాభమే కనబడినప్పుడు ఆగి మరోసారి తూచాలని ఇరవై ఏళ్ల వ్యాపారికి తెలిసుండాలి. నేను తూచలేదు. వెళ్లి నల్లపుంజును గోనెసంచిలో వేసి పట్టుకొచ్చాను.

"కోత నాదే" అన్నాడు చలపతిరావు. "హంతకుడి మనసులోకి ప్రవేశించాలి." ఒక చేత్తో పుంజు కాళ్లు, ఇంకో చేత్తో రత్నమాల గారి కూరగాయల కత్తి పట్టుకుని పెరటి నీళ్ల తొట్టి వైపు గంభీరంగా నడిచాడు. హంతకుడి మనసులోకి ప్రవేశించేలోపే పుంజు ఆయన చెవి పొడిచింది. ఆయన తన రెయిన్‌కోటు అంచు తనే తొక్కాడు. ఇద్దరూ కలిసి తొట్టిలో పడ్డారు.

ముందు పుంజు పైకొచ్చింది. తొట్టి అంచు ఎక్కి రెక్కలు దులిపింది. నల్లగా పోయింది, తెల్లగా వచ్చింది. తర్వాత చలపతిరావు లేచాడు. ఆయన తెల్లగా పోయి నల్లగా వచ్చాడు. పుంజు కాలికి నీళ్లు కారుతున్న గుడ్డపేలిక ఒకటి ఉంది. మసి పోయినచోట పసుపు కనబడుతోంది.

వానలో తడిసిన తెల్లకోడి బొగ్గు నుసిలో పొర్లితే ఏ రంగు తేలుతుందో నాకంటే బాగా తెలియవలసినవాడు ఈ తాలూకాలో లేడు. తలవంచుకుని నిలబడ్డాను.

పుంజు కూసింది. ముందు వాకిట్లోంచి రుక్కమ్మ పరుగెత్తుకొచ్చి, దాన్ని కొంగులో చుట్టుకుని గుండెకు హత్తుకుంది. ఆ తర్వాత చలపతిరావు చేతిలో కత్తి చూసింది.

"గిదేంది సారూ? దొంగను దేవులాడుమంటే నువ్వు కొయ్యనీకి తయారైనవు."

చలపతిరావు తొట్టిలోనే నిలబడి మొహం తుడుచుకున్నాడు. "కేసు పరిష్కారమైంది. హతుడు మారువేషంలో తిరుగుతున్నాడని మొదటినుంచీ నా అనుమానం. ఆ వేషం తీయడానికే నీళ్లలో దూకాను. ఘనతంతా నాదే, ఇంకెవరూ శ్రమ పడలేదు."

"మరి కత్తి ఎందుకండీ?" అన్నారు ఇంజనీరు గారు, కోడిని తిరగేస్తూ.

"నటన సహజంగా ఉండాలి కదండీ."

రుక్కమ్మ పుంజు రెక్కల కింద మిగిలిన బొగ్గు నుసి తుడుస్తూ, "ఇగ ఒక్కటే పరేషాన్" అంది. "ఇది దొరకాలని పొద్దుగాల అమ్మకు ఇంకో పుంజును మొక్కిన. అది యాడికెల్లి తేవాలె? దాక్కున్నదేమో రాజన్న షెడ్డుల, కొయ్యబోయిందేమో ఈ సారు."

చదువు రాని మనిషి. అయినా ఆ లెక్కలో వేలు పెట్టడానికి సందు లేదు. నేను మాత్రం వెంటనే కాటా చలపతిరావు వైపు వాల్చాను.

"ఘనతంత సారుదే అని ఇప్పుడే అన్నడు గద రుక్కమ్మా. దొరికిచ్చినోడే మొక్కు గూడ తీర్చాలె."

"రెండు కాళ్లు తిన్నదీ ఆయనేగా" అన్నారు రత్నమాల గారు.

చలపతిరావు నోరు తెరిచాడు. ఘనత వదులుకోవడమా, పుంజు తేవడమా అని ఒక్క క్షణం తూచాడు. ఘనతే బరువు తూగింది.

ఆదివారం బోనాల్లో మొగిలి కర్ర లేకుండా ముందు నడిచాడు. వెనక రుక్కమ్మ నెత్తిన బోనం, చంకలో తెల్లపుంజు. డప్పులు పోచమ్మ గుడి ముందుకు చేరాక చలపతిరావు రొప్పుతూ వచ్చాడు. ఒంటి మీద అదే రెయిన్‌కోటు, చేతిలో గడగడ వణుకుతున్న ఎర్రపుంజు.

రుక్కమ్మ అందుకుని ముక్కు చిట్లించింది. "సబ్బు వాసనొస్తుందేంది సారూ?"

"విచారణ పూర్తయింది రుక్కమ్మా" అన్నాడు చలపతిరావు. "మూడుసార్లు కడిగాను. ఇది పుట్టుకతోనే ఎరుపు."