అరవై దాటించినవాళ్ళదే గది

ఆదివారం పొద్దున అద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి కంప్యూటర్ టెస్టు, పదింటికల్లా గెలుపు, ఆ తర్వాత కునుకు. ఆయనకు కళ్ళద్దాల షాపు ఉంది కాబట్టి వీధివాళ్ళు పెట్టిన పేరది. పగలంతా అమ్మేవీ ఫ్రేములే, ఇంటికొచ్చి లెక్కపెట్టేవీ ఫ్రేములే. ఆటల కంప్యూటర్ తెరమీద సెకనుకి ఎన్ని బొమ్మలు మారితే అన్ని ఫ్రేములన్నమాట. ఎన్ని ఎక్కువైతే ఆట అంత నున్నగా సాగుతుంది.

ఆ కంప్యూటర్‌ని ఆయన రెండు నెలలు కష్టపడి చౌకలో తానే పేర్చుకున్నాడు. డబ్బా ఒకచోట దొరికింది, ఫ్యాన్లు ఇంకోచోట, ఆ బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ కార్డు ఎవరో వాడి వదిలేసింది. ఏ ముక్కకీ పక్క ముక్కతో చుట్టరికం లేదు.

తగాదా మాత్రం గది గురించి. ఇంట్లో మిగిలింది ఒక్క గది, దాంట్లో ఈ డబ్బా కూర్చుంది. భార్య కుట్టుమిషనేమో ఫ్రిజ్‌కీ వంటింటి తలుపుకీ మధ్య ఇరుక్కుంది. కుడుతుంటే మోచెయ్యి ఫ్రిజ్‌కి కొట్టుకుంటుంది, వండుతుంటే కూరలో దారప్పోగు తేలుతుంది. పైగా నలభై స్కూలు యూనిఫారాలు ఒప్పుకుని కూర్చుంది.

"మధ్యాహ్నం పన్నెండులోపు అరవై ఫ్రేములు దాటకపోతే గది నాది," అంది.

"దాటితే నాది."

"మా తమ్ముడొచ్చి వేలుపెట్టి దాటిస్తే?"

అద్దాలాయన నవ్వాడు. "మీ తమ్ముడిదాకా ఎందుకు, నువ్వు దాటించినా సరే. ఎవరు దాటిస్తే గది వాళ్ళది. కావాలంటే రాసిస్తాను." షాపులో చూపు నంబర్లు రాసే చీటీ ఒకటి తీసి, వెనక రాసి, సంతకం కూడా గిలికాడు. ఆమె దాన్ని మడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టుకుంది.

సాక్ష్యానికి బావమరిది వచ్చి కుర్చీ లాక్కున్నాడు. టెస్టు నడిచింది. పదకొండు ఫ్రేములు.

"బావా, ఫ్యానేస్తే గోడమీది కేలెండర్ ఇంతకన్నా బాగా కదుల్తుంది," అన్నాడు బావమరిది.

అద్దాలాయన కార్డు వేగం కొంచెం పెంచాడు. షాపు అలవాటు కొద్దీ అడిగాడు. "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఇందాకా ఇంతే."

ఇంకా పెంచాడు. పదకొండే. కార్డు వేడి మాత్రం ముప్పైనాలుగు డిగ్రీల దగ్గరే నిలబడింది.

"చూశావా, ఎంత తోలినా చెమట పట్టలేదు. ట్యూనింగంటే అదీ."

నాగలి కట్టని ఎద్దుకు చెమటెందుకు పడుతుందని ఎవరికీ తోచలేదు.

అంత మంచి ఎద్దు నడవట్లేదంటే తప్పు మేతదే అయ్యుండాలి. కరెంటు చాలడం లేదని తేల్చాడు అద్దాలాయన. ఫ్రిజ్ ఆపాడు. పదకొండు. నురగలో ఈదుతున్న బట్టల్ని అలాగే వదిలేసి వాషింగ్ మెషీన్ ఆపాడు. పన్నెండు.

ఒక్క ఫ్రేము పెరిగింది. మూఢనమ్మకానికి ఒక్క సాక్ష్యం చాలు. గబగబా కిందికి దిగి, ఖాళీ ట్యాంకులోకి నీళ్ళు తోడుతున్న మోటారు కూడా ఆపేసి వచ్చాడు.

టెస్టు సగంలో ఉండగా గుమ్మంలో ఒక తువ్వాలు ప్రత్యక్షమైంది. తువ్వాలు లోపల పైఅంతస్తు కండక్టరుగారు. రిటైరై ఆరేళ్ళయినా గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. నెత్తి నిండా సబ్బు, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని గోడ తడుముకుంటూ వస్తున్నాడు.

"మోటారు ఎవడాపాడు?"

"రెండు నిమిషాలు బాబాయ్‌గారూ. టెస్టు నడుస్తోంది."

"నాకూ నడుస్తోంది, కంట్లో. ముప్పైయేళ్ళు సర్వీసు చేశాను. దారిమధ్యలో నేను ఎంతోమందిని దింపానుగానీ, నన్ను దింపినవాడు లేడు."

ఆ మాటంటూనే ఆసరా కోసం బల్ల పట్టుకోబోయాడు. చేతికి కంప్యూటర్ డబ్బా తగిలింది. మోచేతి మీది నురగంతా దాని వెనక్కి జారింది.

"ముందు స్విచ్చాపండి," అంటూ భార్య పాతగుడ్డ తెచ్చింది. మానిటర్ వైరు లాగి డబ్బా వెనకంతా తుడిచింది. వైరు ఊడొచ్చిన కన్నంలో నురగ బుడగలు కడుతోంది. కాస్త కింద అచ్చం అలాంటిదే ఇంకొకటి పొడిగా కనిపిస్తే వైరు దాంట్లో గుచ్చింది. "తమ్ముడూ, పోయి మోటారు వెయ్యి. బాబాయ్‌గారూ, ఈ చెంబుతో కళ్ళు కడుక్కోండి." ఆ ఊపులోనే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా వేసింది.

పన్నెండుకు ఐదు నిమిషాలుంది. బావమరిది తిరిగొచ్చాడు. అద్దాలాయన కంప్యూటర్ మళ్ళీ వేసి, చివరి టెస్టు నొక్కి, చూడలేక కళ్ళజోడు తీసేశాడు.

"డెబ్బైనాలుగు," అన్నాడు బావమరిది.

అద్దాలాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. డెబ్బైనాలుగే. "చెప్పానా, అంతా కరెంటులోనే ఉందని. మోటారు ఆపానో లేదో..."

"మోటారు నడుస్తోంది బావా. నేనే వేసొచ్చాను."

"మరి ఫ్రిజ్..."

"అదీ నడుస్తోంది," అంది భార్య.

బావమరిది వంగి డబ్బా వెనక చూశాడు. చాలాసేపు లేవలేదు. లేచాక నవ్వుకి కారిన కన్నీళ్ళు తుడుచుకున్నాడు. "బావా, పై కన్నం డబ్బాలోని మామూలు బోర్డుది, కిందది గ్రాఫిక్స్ కార్డుది. నువ్వు వైరు పైదాంట్లో పెట్టావు. నీ కార్డు ఇన్నాళ్ళూ సెలవులో ఉంది. అక్క పిలిస్తే ఇవాళ డ్యూటీకొచ్చింది."

రోజూ పదిమంది చూపు సరిచేసే మనిషి కళ్ళజోడు తుడుచుకుని డబ్బా వెనక రెండు కన్నాలూ మార్చి మార్చి చూశాడు.

"ఏమండీ," అంది భార్య. "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

ఆమె సొరుగులోంచి చీటీ తెచ్చి కండక్టరుగారి చేతికిచ్చింది. ఆయన దాన్ని చేతిదూరంలో పట్టుకుని వీధికంతా వినపడేలా చదివాడు. "ఎవరు దాటిస్తే గది వాళ్ళది. కింద సంతకం."

"వైరు పొరపాటున మారింది బాబాయ్‌గారూ. తెలిసి చేసింది కాదుగా," అన్నాడు అద్దాలాయన.

"బస్సులో తెలివెవడు అడుగుతాడయ్యా? టికెట్టు ఎవరి చేతిలో ఉంటే సీటు వాళ్ళది," అని కండక్టరుగారు మిగిలిన స్నానానికి పైకి వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకల్లా డెబ్బైనాలుగు ఫ్రేముల కంప్యూటర్ ఫ్రిజ్‌కీ తలుపుకీ మధ్య ఇరుక్కుంది. గదిలో కుట్టుమిషను తిరుగుతోంది. నిమిషానికి ఎనిమిది వందల కుట్లు, ఎక్కడా వేడెక్కలేదు.