సందు లేని ఫిర్యాదుల పెట్టె

మట్టి మాట్లాడదని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారు. ప్రభుత్వం మాత్రం వారిలో లేదు. అందుకే తొమ్మిది వందల డిగ్రీల లోపు కాల్చిన మట్టి కేవలం పాత్ర అనీ, ఆపైన కాల్చినది అభిప్రాయమనీ చట్టం చేసి, అభిప్రాయాలను తనిఖీ చేయడానికి భావ నిర్ధారణ శాఖను నెలకొల్పింది. (ఆ శాఖకు కుర్చీలు ఇంకా రాలేదు. భావాలను నిలబడే నిర్ధారిస్తున్నారు.)

మా వదిన పింగాణీతో బొమ్మలు చేస్తుంది. ఈసారి ఆరు నెలలు కష్టపడి ఫిర్యాదుల పెట్టె చేసింది. రెండుసార్లు బట్టీలో పగిలింది, మూడోది నిలిచింది. పాలమీగడలాంటి తెలుపు, ముందువైపు ముచ్చటైన తాళం. కాగితం వేయడానికి సందు మాత్రం పెట్టలేదు.

సోమవారం ప్రదర్శన అనగా శుక్రవారం అధికారి వచ్చాడు. భావం రాజకీయమని తేలితే అక్కడికక్కడే పగలగొట్టాలని నియమం. సుత్తి పట్టుకుని బంట్రోతు వెనకే నిలబడ్డాడు.

అధికారి పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "ఇది ఎవరి గురించమ్మా?"

వదిన పెట్టెకూ సుత్తికీ మధ్యకు జరిగింది. "ఎవరి గురించీ కాదండీ. ఫిర్యాదుల పెట్టె."

"సందేదీ?"

"లేదండీ."

"మరి కాగితం ఎలా వేస్తారు?"

ఇక దాచి లాభం లేదనుకుంది. "వెయ్యలేరండీ. నేను చెప్పదలుచుకుందే అది."

బంట్రోతు సుత్తిని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"అమ్మా!" అధికారి గొంతు గద్గదమైంది. "ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత పనికొచ్చే వస్తువు చూళ్లేదు. మా ఆఫీసులన్నిటికీ నలభై కావాలి. ఎప్పటికిస్తారు?"

వెంటనే ధ్రువపత్రం రాసిచ్చాడు: 'ఈ వస్తువునకు ఎట్టి అర్థమూ లేదని, ఇది కేవలం ఉపయోగకరమని ధ్రువీకరించడమైనది.' ఉపయోగపడేది కళ కాదు కనుక ప్రదర్శనకు పనికిరాదట. పెట్టెను నమూనాగా జీపులో ఎక్కించుకుపోయారు.

"పగలగొట్టినా ఇంత బాధుండేది కాదు," అంది వదిన. "వెటకారం చేస్తే ఆర్డరిస్తాడేంటి, ఈ మనిషి!"

వారం తర్వాత నాలుగు పేజీల ఫిర్యాదు రాసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ శాఖ కార్యాలయానికి వెళ్లింది. రెండు గంటలు వరుసలో నిలబడ్డాక గుమాస్తా తల ఎత్తకుండానే పక్కకు చెయ్యి చూపించాడు. అక్కడ మా పెట్టె ధగధగ మెరుస్తోంది. వదిన పకపకా నవ్వేసింది.

"దీనికి సందు లేదు కదయ్యా!"

"అందరూ అలాగే అంటారు గానీ, అందులో వెయ్యండమ్మా," అన్నాడు గుమాస్తా ఓపిగ్గా. "పెట్టె బాలేదని ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు."