కళామేళాలో దిష్టి

ఆ ఉదయం ఎవాన్థియా వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. ఏథెన్స్ అంతర్జాతీయ కళామేళాలో ఆమె గ్యాలరీ స్టాలుకు పదకొండింటికి బెల్జియం నుంచి మ్యూజియం డైరెక్టరు హెండ్రిక్ వస్తాడు. లెఫ్తేరిస్ వేసిన సముద్రం బొమ్మ చూస్తాడు. నచ్చితే మ్యూజియానికి పట్టుకుపోతాడు. నడివయసు దాటుతున్న లెఫ్తేరిస్ బొమ్మలు ఇంతవరకూ బంధువుల భోజనాల గదులు దాటి వెళ్లలేదు. ఇది కూడా తప్పిపోతే బావగారి టైర్ల కొట్టే గతి.

"మీ అమ్మగారు మాత్రం ఈ ఛాయలకి రాకూడదు," అని ముందే చెప్పింది ఎవాన్థియా.

"రాదండీ, ఒట్టు," అన్నాడు లెఫ్తేరిస్.

హెండ్రిక్ కన్నా ముందే లెఫ్తేరిస్ తల్లి స్తమాతియమ్మ చీజ్ పఫ్‌ల డబ్బాతో దిగింది. ఆమెను దాచేలోపు హెండ్రిక్ కూడా వచ్చేశాడు. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "అద్భుతం! ఎంత అందం!" అన్నాడు. భాష రాకపోయినా ఆ ముఖం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. గ్రీకుల లెక్కలో పొగిడినవాడు వెంటనే మూడుసార్లు ఉమ్మాలి, లేకపోతే దిష్టి. స్తమాతియమ్మ మర్యాదగా కాసేపు ఆగి చూసింది. అతను ఉమ్మలేదు. ఇక లాభం లేదని తానే ముందుకొచ్చి బొమ్మ మీద "ఫ్తూ! ఫ్తూ! ఫ్తూ!" అంది. మొదటి రెండూ ఉత్తుత్తివే. మూడోదానిలో నిజాయితీ కాస్త ఎక్కువైంది.

హెండ్రిక్ బిత్తరపోయాడు. "ఈవిడకి ఈ బొమ్మంటే అంత అసహ్యమా?"

దిష్టి తీసిందండీ అని చెబితే సరిపోయేది. కానీ పారిస్‌లో చదివొచ్చిన ఎవాన్థియాకు ఆ మాట పైకి అనడం నామోషీ. "అది కూడా కళాఖండంలో భాగమేనండీ," అనేసింది.

"ఆహా! మెచ్చుకోలును ధిక్కరించే దేహం!" అన్నాడు హెండ్రిక్. ఎవరికీ అర్థం కాలేదు కనుక అందరూ తలలూపారు.

అంతే, జనం మూగారు. ఒక్కొక్కరే వచ్చి బొమ్మను పొగడడం, ఆమె ఉమ్మడం. పక్క స్టాలులో పాత ఫ్రిజ్ తలుపులు ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆయనకు కడుపు మండింది. వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. "మా దానికి కూడా ఒకసారి, అమ్మా!"

ఆమె ఎగాదిగా చూసింది. "దీనికి దిష్టెందుకు తగులుద్ది నాయనా? దీన్నే గుమ్మానికి కట్టుకో, ఇంటికి తగలదు."

"నిరాకరించడం కూడా కళే అంటున్నారు," అని అనువదించింది ఎవాన్థియా. చప్పట్లు మోగాయి.

"తీసుకుంటున్నాం!" అని ప్రకటించాడు హెండ్రిక్. లెఫ్తేరిస్‌కు కళ్లు చెమర్చాయి. శిలువ గుర్తు వేసుకున్నాడు. "ఈ అమ్మగారిని. వచ్చే వేసవి ప్రదర్శనకి," అని ముగించాడు హెండ్రిక్.

"మరి నా బొమ్మ?"

"బాగుంది. అదే చిక్కు. చూసేవాళ్ల ధ్యాస దాని మీదకి పోతుంది."

"ఏవంటున్నాడ్రా?" అంది తల్లి. కొడుకు చెప్పాడు. ఆమె అగ్గిమీద గుగ్గిలమైంది. "నా బిడ్డ బొమ్మ లేకుండా నేనెందుకు వస్తానూ? గాలిమీద ఉమ్మడానికి నాకేం పిచ్చా?"

ఈ ఒక్క మాటనూ ఎవాన్థియా ఉన్నదున్నట్టు అనువదించింది. హెండ్రిక్ గడ్డం నిమురుకున్నాడు. "సరే, బొమ్మ కూడా రానివ్వండి. గోడకి తగిలించి నల్లగుడ్డ కప్పేద్దాం."

లెఫ్తేరిస్‌కు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. కానీ తల్లి ముఖం వెలిగిపోతోంది.

"అదీ తెలివంటే! కప్పి ఉంచితే ఎవరి పాడుకన్నూ పడదు. ఒప్పుకోరా, నా తండ్రీ!"

ఒప్పుకున్నాడు. ఆ బొమ్మ ఇప్పటికి మూడు దేశాలు తిరిగింది. సముద్రాన్ని ఇంకా ఎవరూ చూడలేదు కానీ, గుడ్డను మాత్రం విమర్శకులు తెగ మెచ్చుకుంటున్నారు.